వయోజనుల ఆంగ్ల బోధన – అభిరుచియే పాఠ్యగ్రంథము

విద్య నేర్చుటకు వయస్సుతో పనిలేదని పెద్దలందురు. ఆ మాట నిజమే. కాని విద్య నేర్పుటకు మాత్రము నేర్చువాని వయస్సుతో చాల పని యున్నది. ఆరేండ్ల బాలునిచేత పలకపై అక్షరములు దిద్దించినచో వానికది ఆటవలె నుండును. నలుబది యేండ్లు సంసారము నీది, పదిమందితో బేరమాడి, పిల్లలను పెంచి పెద్దచేసిన మనుష్యుని యెదుట ఆ పలకనే పెట్టినచో అతనికి సిగ్గు కలుగును. ఆ సిగ్గును అతడు పైకి చెప్పడు. మరునాటినుండి రావడము మానివేయును.

ఈ సంగతిని నేను గ్రంథములనుండి కాక, మన కళాశాలలోని యొక గదిలోనే తెలిసికొంటిని. వయోజనులకు సాయంకాలపు ఆంగ్ల తరగతి నడపవలెనని సంకల్పించినప్పుడు ఆంగ్లోపన్యాసకులైన మిత్రులు నన్నును తోడు పిలిచిరి. "నేను తెలుగు చెప్పువాడను, నాకక్కడ ఏమి పని?" అంటిని. "వచ్చేవాళ్లతో తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడగలిగిన మనిషి కావాలి. ఇంగ్లీషు సంగతి నేను చూసుకుంటాను" అని వారనిరి. వారమునకు మూడు దినములు, మగ్రిబ్ నమాజు పిదప గంటన్నర కాలము తరగతి. మొదటి దినమున 31 మంది వచ్చిరి. వారిలో దర్జీలు, ఆటో నడుపువారు, తాపీ పనివారు, కిరాణా కొట్టువారు, గల్ఫునకు పోదలచిన యువకులు, ఆరుగురు స్త్రీలు ఉండిరి. నెల తిరుగులోపల 12 మంది మిగిలిరి.

మేము చెప్పిన పాఠములలో తప్పేమియు లేదు. నామవాచకము, క్రియ, ఏకవచనము, బహువచనము అన్నియు క్రమముగనే చెప్పితిమి. పిల్లి చాపమీద నున్నదని ఆంగ్లములో పదిసార్లు పలికించితిమి. ఒక ఆటో సోదరుడు మాత్రము వెళ్లిపోవుచు, "పిల్లి చాప మీదుంటే నాకేం, మంచం మీదుంటే నాకేం సార్?" అని నవ్వి సలాము చేసి పోయెను. అతనికి పట్టుదల లేదని మేము తీర్పు చెప్పుకొంటిమి. ఉపాధ్యాయులకిది మిక్కిలి సులభమైన తీర్పు.

పూర్వులు చూపిన బాట

నేర్చువాని జీవితమునుండియే పాఠము పుట్టవలెనను భావము క్రొత్తది కాదు. అమెరికాలో జాన్ డ్యూయీ అనుభవమును విద్యకు పునాదిగా నిలిపెను. ఆయన భావములతో ప్రభావితుడైన విలియం కిల్‌పాట్రిక్ 1918లో "ప్రాజెక్టు పద్ధతి" అను వ్యాసము ప్రకటించెను. చేతితో ఏదో ఒక వస్తువు చేయించినంత మాత్రమున అది ప్రాజెక్టు కాదనియు, నేర్చువాని మనస్సులో పుట్టిన ఉద్దేశమే దానికి ప్రాణమనియు ఆయన వాదము. మన దేశమున 1937లో వార్ధా విద్యా సమావేశము పిదప చేతిపని కేంద్రముగా ప్రాథమిక విద్యాప్రణాళికను తయారుచేసిన సంఘమునకు అధ్యక్షులు డాక్టరు జాకిర్ హుస్సేన్. 1897లో హైదరాబాదున జన్మించి, పిదప రాష్ట్రపతియైన ఆ మహనీయుడు మొదట ఉపాధ్యాయుడను సంగతి మనము మరువరాదు.

పైన చెప్పినవన్నియు ముఖ్యముగా బాలుర విద్యకు సంబంధించినవి. వయోజనుల విషయమున బ్రెజిల్ దేశీయుడైన పావులో ఫ్రెయిరే చేసిన పని స్మరింపదగినది. 1963లో అంగికోస్ అను చిన్న పట్టణమున సుమారు 300 మంది శ్రామికులకు 40 గంటల బోధనతో చదువను వ్రాయను నేర్పిన ప్రయోగము ఆయనది. ఆయన వారి చేతికి వాచకము నీయలేదు. ముందుగా వారి నడుమ తిరిగి, వారి నోట నిత్యము మెలగు మాటలను ఏరి, వానితోనే పాఠము మొదలుపెట్టెను. ఇటుకలు మోయువానికి "ఇటుక" అను మాటయే అక్షరాభ్యాసము.

అంత దూరమేల? మన నెల్లూరు జిల్లాలో 1990 దశకపు ఆరంభమున అక్షరాస్యతా ఉద్యమము నడచినప్పుడు వాచకములో "సీతమ్మ కథ" అను పాఠ ముండెను. త్రాగుబోతు భర్త వలన నష్టపోయిన స్త్రీ కథ అది. దూబగుంట గ్రామపు స్త్రీలు ఆ పాఠమును తమ కథగా గ్రహించి ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. ఆ కదలిక జిల్లా అంతట, పిదప రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధింపబడెను. తమ బాధకు అక్షరరూపము దొరకినప్పుడు వయోజనులు ఎంత దూరము పోగలరో చూపుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

వృత్తి వేరు, అభిరుచి వేరు

ఈ సంగతులు చదివిన పిదప మాకు ధైర్యము కలిగెను. మిగిలిన పన్నెండుమందికి వారి వారి వృత్తులనుబట్టి పాఠములు తయారుచేయుదమనుకొంటిమి. తరగతిలో ఒక దర్జీ భాయి ఉండెను. ఆయన కొరకు నేను శ్రమపడి కాలరు, కఫ్, స్లీవు, చెస్టు, వెయిస్టు మొదలగు మాటల పట్టిక వ్రాసికొని పోతిని. ఆయన ఓపికతో విని, "సార్, ఇవన్నీ నాకొచ్చు. ముప్ఫై ఏళ్ల నుంచి కాలర్‌ను కాలర్ అనే అంటున్నా. మా దుకాణంలో దానికి వేరే పేరు లేదు" అనెను.

మరి ఏమి కావలెనని అడిగితిని. ఆయన కొంతసేపు తటపటాయించి జేబునుండి ఒక అట్ట తీసి నా చేతికిచ్చెను. అది నాలుగవ తరగతి చదువుచున్న ఆయన కుమార్తె ప్రోగ్రెసు కార్డు. మూడు పరీక్షలకు మూడుచోట్ల ఆయన సంతకము చక్కగా ఉన్నది. ప్రతి సంతకము పైన ఉపాధ్యాయిని ఒకే వాక్యము వ్రాసినది: "నీడ్స్ ఇంప్రూవ్‌మెంట్ ఇన్ మ్యాథమెటిక్స్." ఇంప్రూవ్‌మెంట్ అను మాట ఆయనకు తెలియును. "నీడ్స్" అను మాట తెలియదు. కావున అమ్మాయి లెక్కలలో బాగుపడినదని తలచి, సంతోషించి, మొదటిసారి కార్డు వచ్చినప్పుడు ఆమెకొక గౌను కుట్టి యిచ్చెను. పక్క దుకాణపు కుర్రవాడు చదివి చెప్పిన పిదప గాని ఆయనకు సంగతి తెలియలేదు.

"అమ్మాయికి తెలియదా భాయ్?" అని అడిగితిని.

"తెలుసు సార్. నా సంతోషం చూసి చెప్పలేకపోయింది" అనెను.

నా పట్టికను మడిచి జేబులో పెట్టుకొంటిని. మనిషి చేయు పనియే అతని అభిరుచి అని తలచుట నా పొరపాటు. తన పనిలో అతడు నిపుణుడు. అక్కడ మనము నేర్పవలసినది స్వల్పము. ఏ తావున అతని నోరు మూతపడుచున్నదో ఆ తావుననే అతనికి ఆంగ్లము కావలెను. అభిరుచి యనగా వేడుక మాత్రమే కాదు. మనిషి రాత్రివేళ తలచుకొను విషయముకూడ అభిరుచియే.

మొదటి ప్రాజెక్టు: బడి కాగితములు

మరుసటి వారము అందరిని తమ పిల్లల బడి కాగితములు తెమ్మంటిమి. ప్రోగ్రెసు కార్డులు, డైరీలు, ఫీజు నోటీసులు, వార్షికోత్సవ ఆహ్వానములు కలిసి నలుబదికి పైగా వచ్చినవి. వానిని నాలుగు కుప్పలుగా విడదీయుట మొదటి పని. మెప్పు ఏది, ఫిర్యాదు ఏది, వార్త ఏది, డబ్బు అడుగునది ఏది? పూర్తిగా చదువ రానివాడుకూడ అంకెలు, తేదీలు, ఒకటి రెండు మాటలు చూచి ఊహింపగలిగెను. పిదప "నీడ్స్", "ఇర్రెగ్యులర్", "ఇన్‌కంప్లీట్", "డ్యూ డేట్" మొదలగు మాటలను ఏరి నల్లబల్లపై వ్రాసితిమి. తుదకు ఉపాధ్యాయినిని ఒక తల్లి గాని తండ్రి గాని అడుగవలసిన మూడు ప్రశ్నలను అందరు కలిసి కూర్చి, ఒకరు ఉపాధ్యాయినిగా, ఒకరు తండ్రిగా అభినయించిరి.

ఇక్కడ మా మిత్రులకు వ్యాకరణము చెప్పుటకు చక్కని అవకాశము దొరకెను. తెలుగునను ఉర్దూనను క్రియ వాక్యము చివర వచ్చును. ఆంగ్లములో కర్తకు వెంటనే వచ్చును. "ఎ", "ది" వంటి ఉపపదములు మన రెండు భాషలలోను లేవు. కనుక ఇరువురును ఒకే తప్పు చేయుదురు. ఈ సంగతి చెప్పగానే తరగతిలో ఒక విధమైన ఊరట కలిగెను. తాము మందబుద్ధులు కారనియు, తమ మాతృభాషలు తమను ఒక త్రోవన నడిపించుచున్నవనియు వారికి తెలిసెను.

ఆరు వారముల కష్టముతో 16 పుటల చిన్న పుస్తకము తయారయ్యెను. ప్రతి మాటయు ఆంగ్లమున, దాని అర్థము ఉర్దూనను తెలుగునను వ్రాసి, జెరాక్సు తీయించి బడి గేటువద్ద ఇతర తల్లిదండ్రులకు పంచిరి. దర్జీ భాయి తల్లిదండ్రుల సమావేశమునకు పోయి, "ఎట్ హౌస్ వాట్ ఐ డూ?" అని అడిగెనట. వాక్యము తప్పే. కాని ఉపాధ్యాయిని అర్థము చేసికొని, రోజూ పది గుణకారములు చేయించుమని చెప్పినది. ఆయన ఆ రాత్రినుండియే చేయించుచున్నాడు.

రెండవ ప్రాజెక్టు: ఒప్పంద పత్రము

కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటు మున్నగు దేశములకు పనికి పోవువారు ఎందరో మన మెరుగుదుము. మా తరగతిలోని ఒక తాపీ యువకుని అన్న అటులే పోయి, పదునాలుగు నెలలు తన తిండి ఖర్చు తానే భరించి, అప్పుతో తిరిగివచ్చెను. ఆ అన్న సంతకము చేసిన ఒప్పంద పత్రమును తమ్ముడు తెచ్చెను. భోజనము ఇత్తుమని మాట యిచ్చి మోసగించిరని ఆ ఇంటివారి నమ్మకము. పత్రము చదివితిమి. బస విషయమున "ఎంప్లాయర్ షల్ ప్రొవైడ్" అనియు, భోజనము విషయమున "ఎంప్లాయర్ మే ప్రొవైడ్" అనియు ఉన్నది.

ఆ సాయంకాలము నేను తెలుగు ఉపన్యాసకునిగా ఉపయోగపడితిని. "షల్" అనగా మన "ఇవ్వవలెను", "మే" అనగా మన "ఇవ్వవచ్చును" అని బల్లపై వ్రాసితిని. "ఇవ్వవచ్చును" అన్నవాడు ఇవ్వకపోయినను తప్పు లేదు. ఆ ఒక్క మాటలో పదునాలుగు నెలల తిండి ఉన్నది. సహాయక క్రియల పాఠము ఏండ్ల తరబడి చెప్పుచున్న మా మిత్రులు, ఆ పాఠమును ఇంత నిశ్శబ్దముగా విన్న తరగతిని తాము చూడలేదనిరి.

కొన్నాళ్లకు ఆ యువకునికే ఒక ఒప్పంద పత్రము వచ్చెను. తరగతి అంతయు కలిసి దానిని చదివెను. జీతము అంకె ఎక్కడ, పని గంటలు ఎక్కడ, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది అని వెదకిరి. అందులోను "మే" ఉన్నది. అతడు మార్చుమని కోరగా మధ్యవర్తి ఒప్పుకొనలేదు. అతడు సంతకము చేయలేదు. ఇంకను ఇక్కడనే గోడలు పూయుచున్నాడు. వచ్చిన అవకాశమును మేము చెడగొట్టితిమని అతని బంధువులు కొందరు నన్ను నిందించిరి. మేము మేలు చేసితిమో కీడు చేసితిమో అని నేనును కొన్నాళ్లు మథనపడితిని. అతనినే అడిగితిని. "అన్న చదవకుండా సరేనన్నాడు సార్. నేను చదివి వద్దన్నాను" అనెను. విద్య ఇంతకుమించి ఏమి చేయగలదో నాకు తెలియదు.

మూడవది ఫలించినది, నాలుగవది ఫలించనిది

స్త్రీలు మొదట నోరు విప్పలేదు. ఆపా అని మేము పిలుచు ఒకామె తన అత్తగారి మందుల చీటి తెచ్చిన పిదప వారి ప్రాజెక్టు మొదలయ్యెను. చీటిలోని "ఓ.డి." అనగా దినమునకు ఒకసారి, "బి.డి." అనగా రెండుసార్లు, "టి.డి.ఎస్." అనగా మూడుసార్లు అనియు, ఇవి లాటిను భాషనుండి వచ్చిన సంకేతములనియు తెలిసినప్పుడు, "అయితే ఇది ఇంగ్లీషు కూడా కాదా!" అని అందరు నవ్విరి. ఆ నవ్వుతో సగము భయము పోయెను. వారు మందుల అట్టలపై గడువు తేదీ వెదకుట, వైద్యునితో నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లనుండి అని చెప్పుట నేర్చిరి. ఇంటిలోని మందులన్నింటికి ఉర్దూలోనో తెలుగులోనో చీటీలు అంటించుట వారి ప్రాజెక్టు. అర్థము కాని చోట ఊహింపక మందుల దుకాణమున గాని వైద్యుని గాని అడుగవలెనను నియమము మొదటనే పెట్టితిమి.

నాలుగవది మాత్రము మా స్వంత ఆలోచన. కళాశాల వార్షికోత్సవమునకు వచ్చు పెద్దలు సంతోషింతురని, పట్టణ చరిత్రపై ఆంగ్లములో ప్రదర్శన చేయుదమంటిమి. మేమే వ్రాసి యిచ్చితిమి, వారు వల్లించిరి, సభలో చప్పట్లు మ్రోగినవి. పది దినముల పిదప అడుగగా ఒక్క వాక్యమైనను ఎవరికిని జ్ఞాపకము లేదు. అది మా అభిరుచి, వారిది కాదు.

పద్ధతి యేమి?

ఈ అనుభవమునుండి మేము గ్రహించిన కొన్ని సూత్రములను, ఇట్టి తరగతి నడపదలచినవారి కొరకు ఇక్కడ పొందుపరచుచున్నాను.

1. మొదటి రెండు వారములు నేర్పుటకన్న వినుటకు ఎక్కువ కాలము వినియోగింపవలెను. "మీకేమి ఇష్టము?" అని అడిగినచో సరియైన జవాబు రాదు. "ఈ వారము ఏ కాగితము చూచి, ఏ మాట విని ఇబ్బంది పడితిరి?" అని అడుగవలెను.

2. ప్రాజెక్టు చివర ఒక వస్తువో ఒక కార్యమో ఉండవలెను. అది తరగతి బయటి మనిషికి ఉపయోగపడవలెను. పుస్తకము, ఉత్తరము, సంభాషణ ఏదైనను సరే.

3. మాతృభాషను గది వెలుపల విడిచి రమ్మనరాదు. అర్థము మాతృభాషలో తేలిన పిదపనే ఆంగ్లము నిలుచును.

4. తప్పులన్నింటిని ఒకేసారి దిద్దరాదు. అర్థమును చెరచు తప్పును వెంటనే దిద్దవలెను. తక్కినవానిని వ్రాసికొని, వారాంతమున పేరు చెప్పక బల్లపై దిద్దవలెను.

5. చదువు వచ్చినవాడు వ్రాయును, రానివాడు మాట్లాడును, మరియొకడు కాగితములు సేకరించును. వారము వారము ఈ పనులు మారవలెను. లేనిచో రానివాడు రానివాడుగనే మిగులును.

ఇట్లయిన వ్యాకరణము క్రమము తప్పదా అని కొందరు ప్రశ్నింతురు. తప్పును. ఆ లోపమును నేను దాచను. అందువలన ప్రతి నాలుగవ వారమును మా మిత్రులు వ్యాకరణమునకే కేటాయించి, అంతవరకు చెదురుగా వచ్చిన అంశములను వరుసలో పెట్టుచున్నారు. అర్థముపై మనస్సు లగ్నమైనప్పుడు భాషారూపముకూడ అలవడునను నమ్మకముతో ఎన్. ఎస్. ప్రభు 1979 మొదలు 1984 వరకు దక్షిణ భారతపు పాఠశాలలలో ఆంగ్ల బోధనా ప్రయోగము నడపిన సంగతి ఉపాధ్యాయ లోకమునకు తెలిసినదే. మాకది ఆదర్శము. కాని పరీక్ష వ్రాయదలచినవారికి ఈ తరగతి ఒక్కటే చాలదని కూడ మేము స్పష్టముగా చెప్పుచున్నాము.

విద్యార్థులకును, సంఘమువారికిని

ప్రియ విద్యార్థులారా! మీలో అనేకుల తండ్రులు, తల్లులు మీ దరఖాస్తులపై చదువకయే సంతకము చేసినవారు. మీయందలి నమ్మకమే వారిచేత ఆ సంతకము చేయించినది. వారమునకు ఒక సాయంకాలము ఈ తరగతికి వచ్చి, ఒక్కరి ప్రక్కన కూర్చుండి, ఒక్క కాగితము చదివి వినిపింపుడు. మీ ఆంగ్లముకూడ అందువలన బాగుపడును. అంతకన్న ముఖ్యముగా, ఈ రాత్రి ఇంటికి పోయి, మీ తల్లిదండ్రులను ఏ కాగితము భయపెట్టుచున్నదో అడుగుడు.

కళాశాల సంఘము పెద్దలకు నా విన్నపము చిన్నది. గదియు దీపమును ఇచ్చితిరి, కృతజ్ఞులము. జెరాక్సు ఖర్చులకై నెలకు కొంత సొమ్ము మంజూరు చేయింపుడు. ఎందరు పరీక్షలో నెగ్గిరని మాత్రము ఈ తరగతిని కొలువవలదు. ఎందరు తాము సంతకము చేసిన దానిని ముందుగా చదివిరని అడుగుడు.

మానివేసినవారిలో ఏడుగురు తిరిగి వచ్చినారు. ఆ ఆటో సోదరుడును వారిలో నున్నాడు. ఆసుపత్రివద్ద ఎక్కు పరాయి ఊరివారికి త్రోవ చెప్పుట అతని ప్రాజెక్టు. కుడి, ఎడమ, నేరుగా, వంతెన దాటిన పిదప అని పటము గీచి పలుకుచున్నాడు. ఆ పటములో ఒక మూల, మమ్ము ఆటపట్టించుటకు, చాపమీద ఒక పిల్లినికూడ గీచినాడు.